అడగడం తెలిసిన దీవి

మొన్న టీవీలో ఏదో పసిఫిక్ దీవిని చూపించారు. హెలికాప్టర్‌లోంచి తీశారు కాబోలు. నీలం నీళ్ల మధ్య గుండ్రంగా ఒక తెల్లటి గీత, దాని లోపల లేతాకుపచ్చ నీళ్లు, ఆ మధ్యలో చిన్న పచ్చటి మచ్చ. మా కోడలు "ఎంత ముద్దుగున్నదో" అంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. అంత పైనుంచి చూస్తే ఏం తెలుస్తుంది? అక్కడివాళ్లు నీళ్లెట్లా తోడుకుంటారో తెలుస్తుందా? చేప పడితే ఎవరెవరింటికి పోతుందో తెలుస్తుందా? ఆ దీవిని నేను సూరత్‌లో, లింబాయత్‌లో, ఒక ఒంటిగది ఖోలీ ముందు సిమెంటు అరుగు మీద కూర్చుని చూశాను. నాకు చూపించింది బా. నా లెక్కలో అదే అసలు దీవి.

బా అంటే గుజరాతీలో అమ్మ. అక్కడ పెద్దావిడ ఎవరైనా బానే. ఈ బా మా ఇంటి యజమానురాలు. కాగితాల మీద ఆమెకో పేరు ఉండే ఉంటుంది గానీ మేమెవరం అడగలేదు, ఆమె చెప్పలేదు. తొంభైల మొదట్లో మేము సిరిసిల్ల వైపు నుంచి సూరత్‌లో దిగేసరికి మా ఆయనకు పవర్‌లూమ్‌లో పని కుదిరింది గానీ తలదాచుకోను చోటు కుదరలేదు. ఎవరో బా వాడి చూపించారు, వాడి అంటే ఒకే వాకిలి చుట్టూ ఉండే ఇళ్ల గుంపు. వాకిలికి రెండు వైపులా వరసగా ఖోలీలు, ముందు బా ఇల్లు, వాకిలి చివర బావి, బావి వెనక గోడ, గోడ అవతల ఖాడీ అనే ఉప్పుటేరు. సముద్రం పోటు మీదున్నప్పుడు ఆ ఖాడీలోకి ఉప్పునీళ్లు ఎగదన్నుతాయి. ఖోలీలన్నింటిలోనూ మావాళ్లే, మగ్గాల మీద బతికేవాళ్లే.

నేను సామాను దించుకుంటుంటే ముందింట్లోంచి ఒక ముసలావిడ వచ్చింది. తెల్లచీర, కుడి భుజం మీదుగా ముందుకు వేసిన కొంగు, చేతుల మీద పచ్చబొట్లు. నడుము మీద చేతులు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసి, "ఏటే గుంటా, ఏవూరు మీది?" అంది. నా చేతిలోని గిన్నెల మూట జారి వాకిట్లో దొర్లింది. సూరత్‌లో గుజరాతీ ముసలావిడ తెలుగు మాట్లాడటమే ఒక వింత. పైగా అది మా తెలుగు కాదు, ఎక్కడో విజయనగరం, శ్రీకాకుళం వైపు తెలుగు. అందులో సగం మాటలు తెలుగుదాన్నయిన నాకే అర్థం కాలేదు.

బా సూరత్ పక్కన నవసారి దగ్గర పల్లెలో పుట్టి, పెళ్లయ్యాక భర్తతో ఓడెక్కి ఫిజీ పోయిందట. అక్కడి పట్నంలో కాదు, పట్నం నుంచి మళ్లీ పడవలో పోవలసిన ఒక చిన్న దీవిలో ఆయన దుకాణం పెట్టాడు. ఎండుకొబ్బరి కొనడం, బియ్యం, కిరసనాయిలు, గుడ్డలు అమ్మడం. ఆ దీవిలో వీళ్లు కాక మన దేశం మనుషులంటే ఒకే ఒక్క ఇల్లు, పడవలు బాగుచేసే వడ్రంగిది. అతని భార్య తెల్లదొరలు చెరుకు తోటల పనికని ఓడల్లో తీసుకుపోయిన తెలుగు కూలీల కూతురు. బాకు తెలుగు నేర్పింది ఆమే. తను కన్నతల్లి దగ్గర నేర్చిన మాటలు తనతోనే పోతాయేమోనని భయపడి పట్టుబట్టి నేర్పిందట. అట్లా ఓడెక్కిపోయిన తెలుగు ఓడ దిగి లింబాయత్‌కు వచ్చి నన్ను పలకరించింది.

ఆమెతో మసలుకోవడం మాకు అంత తొందరగా పట్టుబడలేదు. అవునని చెప్పాలంటే ఆమె నోరు విప్పేది కాదు, కనుబొమలు రెండూ ఒక్కసారి పైకెత్తేది. ఖోలీ ఖాళీగా ఉందా అని అడగవచ్చినవాళ్లు ఆమె కనుబొమలు చూసి, తిరిగి తమనే ఏదో అడుగుతోందనుకుని ఊరూ పేరూ మొదలుపెట్టి వంశమంతా చెప్పుకునేవారు. ఆమె మళ్లీ కనుబొమలెత్తేది. వాళ్లు మేనమామల దాకా పోయేవారు. ఎవరం ఏదిచ్చినా, చిటికెడు పసుపిచ్చినా, రెండు అరచేతులూ దొప్పలు చేసి మెత్తగా చప్పట్లు కొట్టి తీసుకునేది. మేము వాకిట్లో కూర్చుని చీరలకు చమ్కీలు అంటిస్తుంటే మా మధ్యలోంచి పోవలసి వచ్చినప్పుడు నడుము వంచి, తల దించి, ఏదో ఆ దీవి మాటలో క్షమించమని అనుకుంటూ పోయేది. కూర్చున్నవాళ్ల తలల కన్నా తన తల ఎత్తున ఉండకూడదట. ఇంటి యజమానురాలు కిరాయివాళ్ల ముందు అట్లా వంగి నడుస్తుంటే మొదట్లో మాకు నవ్వొచ్చింది. తర్వాత మేమే లేచి నిలబడటం మొదలుపెట్టాం. అప్పుడు ఆమె కోప్పడేది.

మా వాడి చుట్టూ మగ్గాల షెడ్లు. పొద్దూ మాపూ ఒకటే దడదడ. కొత్తగా వచ్చినవాళ్లు చెవుల్లో దూది పెట్టుకునేవారు. బాకు ఆ చప్పుడే కావాలి. మంచిచోట ఇల్లు కొనుక్కోగల స్తోమత ఉండి కూడా మగ్గాల మధ్య కొన్నది అందుకేనట. ఆ దీవి చుట్టూ పగడపు దిబ్బ గోడలా ఉంటుందని, పెద్ద సముద్రం వచ్చి దాని మీద పడి విరుగుతుందని, ఆ హోరు ఎన్నడూ ఆగదని చెప్పింది. పిల్లలు ఆ హోరులోనే పుడతారు, ముసలివాళ్లు ఆ హోరులోనే పోతారు. ఎప్పుడైనా హోరు మారితే పెద్దవాళ్లు ఇళ్లలోంచి వచ్చి ఆకాశం చూస్తారు. సూరత్‌లో వారానికో రోజు కరెంటు కోత. మగ్గాలన్నీ ఆగిపోయేవి. మేమంతా కడుపునిండా నిద్రపోయేవాళ్లం. బా మాత్రం వాకిట్లోకి వచ్చి తలెత్తి ఆకాశం చూస్తూ నిలబడేది.

దీవి ఎట్లా ఉంటుందని అడిగితే తన అన్నం కంచం ముందు పెట్టుకునేది. అక్కడినుంచి తెచ్చుకున్న తెల్లపూత పళ్లెం అది. ఎత్తైన అంచు పగడపు దిబ్బ. లోపల పోసిన పప్పు దిబ్బకు లోపలుండే మడుగు. మధ్యలో పెట్టిన అన్నం ముద్ద ఊరు. అంచుకు ఒకచోట పూత లేచిపోయి చిన్న గాటు ఉండేది. పడవ ఆ గాటులోంచే రావాలి, వేరే దారి లేదు, దారి తప్పితే పడవ అడుగు చీలిపోతుంది అని దాని మీద వేలు పెట్టి చూపించేది. చూపించడం అయ్యాక పప్పూ అన్నం కలిపేసి తినేసేది. దీవి మాయమైపోయేది. మేము నవ్వేవాళ్లం. ఆమె నవ్వేది కాదు. "గాలివాన వస్తే అలాగే అవుద్ది" అనేది.

గుట్ట లేదు, వాగు లేదు. అన్నం ఉడికేలోగా ఈ కొస నుంచి ఆ కొసకు నడిచిపోవచ్చు. సముద్రం వెనక్కి తీసిన వేళ ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని దిబ్బ మీదికి నడిచిపోయి, గవ్వలూ పీతలూ ఏరుకుని పోటు రాకముందే తిరిగి రావాలి. బా ఎడమ మడమ మీది తెల్లటి మచ్చ అక్కడ పగడం కోసింది. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది మట్టి సంగతి. ఆ దీవిలో మట్టే లేదు! ఉన్నదంతా పగడం అరిగిన ఇసుక. చెమ్మ తగిలేదాకా గోతులు తవ్వి, వాటిలో ఆకూ అలమూ వేసి మగ్గబెట్టి మట్టి తయారుచేసుకుని అందులో చేమదుంపలు వేసుకుంటారట. ఒక్కో గొయ్యి తాతముత్తాతల నాటిదట. ఎక్కడో దూరంగా, నీళ్ల మధ్య, తమ కాళ్ల కింది నేలను తామే చేసుకునే మనుషులున్నారని విని నేను చాలాసేపు చమ్కీ అంటించడం మానేసి కూర్చున్నాను. బా ఎందుకు వాకిలి ఊడ్చిన దుమ్మును కూడా పారేయనివ్వక గోడ మూలకు పోసేదో ఆ రోజు తెలిసింది. అంతవరకూ మేము దాన్ని ముసలితనం చాదస్తం అనుకున్నాం.

ఇంకో సంగతి. బా వాళ్లు చేపలు ముట్టరు. ఊళ్లో అందరికీ ఆ సంగతి తెలుసు. అయినా వలలో చేపలు పడిన ప్రతిసారీ వాళ్ల గడప ముందు వాళ్ల వంతు ఆకులో పెట్టి ఉండేదట. కొత్తలో బా ముక్కు మూసుకుని తిట్టింది. తినమని తెలిసీ ఎందుకు పెడతారని వడ్రంగి భార్యను అడిగితే, ఆవిడ "నీకు ఇల్లుందా? ఇల్లుంటే వంతుంటాది. తింటావో ఇంకోళ్లకిచ్చుకుంటావో నీ ఇష్టం" అందట. ఈ మాట చెప్పినప్పుడల్లా బా గొంతు కాస్త తగ్గేది. గుడిలో మాట్లాడినట్టు మాట్లాడేది.

ఆమె మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టింది పొగడ్త దగ్గర. మా ఇళ్లల్లో దేన్నీ బాగుందని ఎన్నడూ అనలేదు. కొత్త చీర చూపిస్తే "ఉందిలే" అనేది. పుట్టిన బిడ్డను చూపిస్తే ముఖం తిప్పుకునేది. మనసు ఇరుకైన మనిషి అనుకున్నాం. ఒకరోజు నేను ఆమె ఇత్తడి చెంబు చూసి, "చెంబు మస్తుంది బా" అన్నాను, మాటవరసకు. నేను ఇల్లు చేరేలోగా చెంబు తోమి, తుడిచి, గుడ్డలో చుట్టి పట్టుకొచ్చి నా చేతుల్లో పెట్టింది. వెనక్కి ఇవ్వబోతే ఆమె ముఖం చిన్నబోయింది. అప్పుడు చెప్పింది, ఆ దీవిలో ఒక వస్తువును బాగుందనడమంటే అది అడగడమేనని, అడిగితే లేదనడం ఉండదని. ఇంకేం, సంగతి వాడి అంతా పాకింది. మూడో ఖోలీ పెద్దమనిషి మర్నాడే వెళ్లి బా రేడియో ఎంత బాగా పాడుతుందో అని పొగిడి, రేడియో చంకన పెట్టుకుని వచ్చాడు. ఆడవాళ్లమంతా కలిసి అతనితో దాన్ని తిరిగి ఇప్పించి, ఇకమీదట వాడిలో బా సామాను ఎవరూ పొగడకూడదని కట్టడి చేసుకున్నాం. ఒక మనిషిని ఆమె మంచితనం నుంచి కాపాడటానికి కట్టుబాటు పెట్టుకోవలసి రావడం నా ఎరుకలో అదొక్కసారే.

ఇక బావి. మా వీధికి అప్పటికి మున్సిపాలిటీ నల్లా రాలేదు. రెండు వీధుల అవతల ఒక నల్లా ఉండేది, పొద్దున కాసేపు వచ్చేది, దాని దగ్గర బిందెల బారు. వాడికంతటికీ ఆధారం బావే. ఖాడీ పక్కనే ఉన్నా ఆ నీళ్లు కొబ్బరినీళ్లలా ఉండేవి. కానీ బా ఒక నియమం పెట్టింది. పెద్ద బొక్కెన వేయకూడదు, చిన్న చెంబుతో, నెమ్మదిగా, పైపైన తోడుకోవాలి. దీవిలోనూ అంతేనట. నేల కింద సముద్రం ఉంటుంది, వాన కురిసిన మంచినీళ్లు దాని మీద మీగడ కట్టినట్టు పలచగా తేలుతాయి, ఆశపడి లోతుగా తోడితే ఉప్పునీరు పైకి వస్తుంది. ఇక్కడా అంతేనని ఆమె ఖాడీ వాసన చూసి కనిపెట్టిందట. మేము విసుక్కుంటూనే ఆ నియమం పాటించాం.

ప్లేగు వచ్చి పోయిన మరుసటి ఎండాకాలం సంగతి. మా పక్క ఖోలీలో రాజేశం అని మగ్గం నడిపే అతను, అతని భార్య సుజాత ఉండేవాళ్లు. నన్ను వదినా అని పిలిచేవాడు. సుజాతకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. బరువెత్తకూడదు, తాడు గుంజకూడదు అన్నారు. రాజేశం పాత సామాన్ల బజారులో ఒక చిన్న మోటారు కొనుక్కొచ్చి బా దగ్గరికి పోయాడు. మేమంతా పనులు ఆపి చూస్తున్నాం.

"బా, సుజాతకు చెంబు గుంజుడు గూడ కాదు. జర బావిల మోటరు పెట్టుకోనియ్యి."

బా చాలాసేపు అతన్ని చూసింది. బావిని చూసింది. కనుబొమలు పైకెత్తింది. నెమ్మదిగా తోడుకోమని మాత్రం చెప్పింది.

రాజేశం మొదట్లో నెమ్మదిగానే తోడాడు. కానీ మోటారన్నది ఒకసారి వచ్చాక ఊరుకుంటుందా. మూడో ఖోలీ పెద్దమనిషి పైపు తెచ్చి తగిలించాడు. ఆ తర్వాత ఇంకొకరు డ్రమ్ము పెట్టారు. నేనూ డ్రమ్ము పెట్టాను. బట్టలుతకడం, వాకిలి కడగడం, ఎండాకాలమని రేకుల మీద నీళ్లు చల్లుకోవడం, మాకు పెళ్లిసందడి వచ్చినట్టుంది. ఒకరోజు పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి నీళ్లు కలిపితే విరిగిపోయాయి. రుచి చూస్తే ఉప్పు. సాయంత్రానికి వాడి అంతా బావి చుట్టూ చేరింది. తోడింది అందరమూ, కానీ మోటారు రాజేశంది. అందరి చూపులూ అతని మీదికే పోయాయి. ఒకరిద్దరు నోరు కూడా జారారు.  అతను మోటారు విప్పి, ఇంట్లోకి మోసుకుపోయి మంచం కిందికి తోసేశాడు. బావి నీళ్లు మళ్లీ తియ్యగా మారడానికి రెండు వానాకాలాలు పట్టింది. బావి సంగతి అక్కడితో సరి.

నాకు బా మీదే కోపం వచ్చింది. ఉప్పునీళ్లతో గిన్నెలు తోముతున్న ఆమె ముందు చతికిలబడి అడిగేశాను.

"నీకెరికేనాయె బా. ఒద్దని ఒక్క మాటంటే అయిపోతుండె గదా."

"అడిగాడు కదే."

"అడిగితే ఇచ్చుడేనా? అందరి నీళ్లు పాయె."

"నీళ్లు పోతే వానొస్తే మళ్లీ వస్తాయి. నేదంటే ఆడు మరింకెవుర్నీ అడగడు. అడగడం మానీసినోడు ఎలా బతుకుతాడే?"

అప్పుడు చెప్పింది గాలివాన సంగతి. అంతకు ముందు ఎన్నడూ చెప్పలేదు. ఒక ఏడాది సముద్రం దిబ్బ దాటి ఊరి మీదికి వచ్చింది. మనుషులు తమను కొబ్బరిచెట్లకు కట్టేసుకుని బతికారు. దుకాణం రేకులతో సహా కొట్టుకుపోయింది. ఊరివాళ్లు నేలలో పాతర వేసుకున్న పులిసిన సీమపనస ముద్దలు తవ్వి తీసుకున్నారు. అక్కడ ఏళ్ల తరబడి అందరూ దుకాణం దగ్గరికి వచ్చి అడిగేవాళ్లే, బా భర్త ఇచ్చేవాడే. ఇప్పుడు తను పోయి అడగాలి. ఆయన అడగలేదు. ఊరివాళ్లు వచ్చి కూలిన గోడ ముందు ఊరికే కూర్చునేవారు. తమ అవస్థ చూసి నవ్వడానికి వచ్చారని ఆయన అనుకున్నాడు. బా ఆకలికి ఓర్వలేక పాక్కుంటూ వచ్చి ఒక ముసలామెను తిండి పెట్టమని అడిగింది. ఆ ముసలామె ఏడ్చేసిందట. మీరు అడగరేమో, మమ్మల్ని మీవాళ్లు కారనుకున్నారేమోనని భయపడ్డాం అన్నదట. ఆ పూట ఊరివాళ్లు తెచ్చిపెట్టిన తిండి ఎంత తిన్నా తరగనంత.

"నాను ఆవేళ ఆ ఊరి మనిషినయ్యాను" అంది బా. "ఆయన అవ్వనేదు. పెట్టింది తిన్నాడు, తలెత్తనేదు. తరవాతి పడవకి పట్నం ఎలిపోనాడు. మనిషి బతికే ఉన్నాడు గానీ మరి నాకు దొరకనేదు."

కాసేపు గిన్నె తోమి, రాజేశం ఖోలీ వైపు చూసి, నిన్నటినుంచి ఆ గుంటడు ఎవరినైనా ఏమైనా అడిగాడా అని నన్ను అడిగింది. లేదన్నాను. బావి గురించి ఆమెకు దిగులు లేదు. దిగులంతా అతని గురించే.

అది నిజమే. అంతకు ముందు ఇంత ఉప్పు, ఇంత పంచదార అని రోజుకోసారైనా మా గడప తొక్కే రాజేశం మానేశాడు. పొద్దటి పాళీ మగ్గం పనికి పోయేవాడు, వచ్చేవాడు, తలుపు వేసుకునేవాడు. నల్లా వచ్చే వేళకు అతను మగ్గం దగ్గర ఉంటాడు, సుజాత బిందె ఎత్తలేదు, ఒక బిందె తెచ్చిపెట్టమని ఎవరినీ అడగడు. మేము వంతులవారీగా బాకు రోజూ ఒక బిందె నల్లా నీళ్లు తెచ్చి పెడుతున్నాం, ముసలావిడ మోయలేదు కదా అని. ఆ బిందె రోజూ తీసుకుపోయి సుజాతకు ఇవ్వమని బా నాతో చెప్పింది. ఎవరు పంపారని అడిగితే నేనే తెచ్చానని చెప్పమంది. నేను అట్లాగే ఇచ్చాను. బా దగ్గర ఇంకో బిందె ఉందనుకున్నాను.

వారం తిరగకముందే సుజాత ఏడుస్తూ వచ్చింది. సూరత్ అవతల కడోదరాలో ఏదో మిల్లులో పని చూసుకున్నాడట, ఆదివారం టెంపో మాట్లాడాడట. "గీడ మొఖమెట్ల చూపియ్యాలె అంటున్నడక్కా. ఆడ నాకెవరున్నరు? పసిపిల్లతోని ఎట్ల?" అంది. మా ఆయన పోయి నచ్చజెప్పాడు. మూడో ఖోలీ పెద్దమనిషి కూడా సిగ్గుపడి పోయి, తప్పు అందరిదీ అన్నాడు. రాజేశం విన్నాడు, తలూపాడు, ట్రంకుపెట్టెలో బట్టలు సర్దుకున్నాడు.

ఆదివారం పొద్దున బా నన్ను తోడు రమ్మంది. రాజేశం ఖోలీ ముందు ఆగి, వంగి, లోపలికి పోకుండా గడప దగ్గర నేల మీదే కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. రాజేశం చాప వేయబోయాడు, వద్దంది. మంచం కిందికి చూసింది.

"నీ మోటారు బాగుందిరా" అంది.

అన్నేళ్లలో ఆమె నోట బాగుందన్న మాట నేను వినడం అదే మొదలు.  రాజేశం ముఖం ఎర్రబడింది. వెక్కిరిస్తోందనుకున్నాడు.

"అడుగుతున్నది తమ్మీ" అన్నాను నేను.

"దాంతోనే గదా బా గిదంత అయింది. అదేం చేసుకుంటవ్?"

"నాకు కావాల."

 అతను మంచం కిందికి దూరి మోటారు బయటికి లాగి, తన లుంగీ అంచుతో దుమ్ము తుడిచి, రెండు చేతులతో ఎత్తి తెచ్చి బా ముందు పెట్టాడు. బా అరచేతులు దొప్పలు చేసి మెత్తగా చప్పట్లు కొట్టింది.

"ఇచ్చీసినావు. మరిది నీది కాదు, నాది. నీళ్లేమయ్యాయని ఎవులైనా అడిగితే నా కాడికి రావాల."

ఆమెకు ఆ మోటారుతో ఏం పని? ఏ పనీ లేదు. ఆ ఇంట్లో అతను మోయలేకపోతున్న ఒకే ఒక్క వస్తువును తన ఒళ్లోకి తీసుకుంది. నేను ఎందరో పెద్దమనుషులను చూశాను, పంచాయితీలు చూశాను, ఇట్లాంటి తీర్పు చూడలేదు. ఆ పూట ఆమె పక్కన కూర్చోవడానికి నాకు అర్హత ఉందా అనిపించింది.

పని అయిపోయిందని నేను లేవబోయాను. బా నా మోకాలి మీద చేయి వేసి కూర్చోబెట్టింది. తను కూడా లేవలేదు.  వాకిట్లోకి టెంపో వచ్చి ఆగింది, డ్రైవర్ హారన్ కొట్టాడు. సుజాత పిల్లను భుజానేసుకుని గోడకు ఆనుకుంది. ఇచ్చినవాడు ఇప్పుడు అడగాలని బా ఎదురుచూస్తోందని నాకు అర్థమైంది, కానీ ఆ మాట నేను చెప్పకూడదు. చెప్పి అడిగిస్తే అది అడగడం కాదు. రాజేశం ట్రంకుపెట్టె మీద కూర్చుని చేతులు నలుపుకున్నాడు. హారన్ మళ్లీ మోగింది.

"బా" అన్నాడు చివరికి, నేల చూస్తూ. "జర చాయ్ పోస్తవా?"

బా లేచిన తీరు చూస్తే ఆమె వయసు ఎవరూ నమ్మరు. మోటారు నా ఒళ్లో పడేసి ముందు నడిచింది. ఆమె ఇంట్లో పొయ్యి పక్కన కూర్చున్నాం. చాయ్ మరిగి దిగింది. కప్పూ రకాబీ రాజేశం ముందు పెట్టింది, నాకూ ఇచ్చింది. పాలు పోయలేదు. ఒక గుక్క తాగగానే నాకు సంగతి తెలిసింది. చాయ్ ఉప్పగా ఉంది, బావి నీళ్లు. మూల చూస్తే మంచినీళ్ల బిందె బోర్లించి ఉంది. నేను రోజూ సుజాతకు మోసుకుపోయిన నీళ్లు ఈ ఇంట్లో మిగిలినవి కావు, ఈ ఇంట్లో ఉన్నవన్నీ.

రాజేశం కూడా గుక్క మింగి ఆగాడు. బిందె వైపు చూశాడు.

"పొద్దుగాల మా ఇంటికి తెచ్చే బిందె ఎవలది వదినే?" అన్నాడు.

నేను తల దించుకున్నాను. బా పొయ్యిలో బొగ్గులు సర్దుతోంది. రాజేశం కళ్లు తుడుచుకుని, ఆ చాయ్ చివరి చుక్క దాకా తాగి, కప్పు బా ముందుకు జరిపి ఇంకో కప్పు అడిగాడు.